వదరుబోతుకు రోమనులు పెట్టిన పేరు

క్రీస్తు పూర్వం 35 ప్రాంతంలో రోమన్ కవి హోరేస్ తన వ్యంగ్య కవితల మొదటి సంపుటిని వెలువరించాడు. అందులో తొమ్మిదవ కవిత ఒక చిన్న కథ. కవి రోము నగరంలోని పవిత్ర వీథిలో ఏదో ఆలోచించుకొంటూ ఒంటరిగా నడుస్తున్నాడు. పేరు తప్ప మరేమీ తెలియని మనిషి ఒకడు పరుగున వచ్చి ఆయన చేయి పట్టుకొన్నాడు. కుశల ప్రశ్నలతో ఆరంభమైన మాట ఇక ఆగలేదు. కవి వడివడిగా నడిచాడు; కొంతసేపు నిలిచిపోయాడు; వెంట ఉన్న కుర్రవాని చెవిలో ఏదో చెబుతున్నట్టు నటించాడు. చెమట మడమల దాకా కారింది గాని ఆ మనిషి వదలలేదు. టైబర్ నదికి ఆవల జబ్బుతో ఉన్న ఒకరిని చూడవలసి ఉన్నదని కవి చెప్పాడు. తనకు ఏ పనీ లేదనీ, అక్కడి దాకా తోడు వస్తాననీ ఆ మనిషి బదులు చెప్పాడు.

అప్పుడు హోరేస్‌కు బాల్యంలో విన్న జోస్యం ఒకటి గుర్తుకు వచ్చింది. సబీను జాతి ముసలమ్మ ఒకామె చీట్లు వేసి, ఈ బాలుణ్ణి విషం గాని, శత్రువు కత్తి గాని, దగ్గు గాని, కీళ్ళ జబ్బు గాని చంపవనీ, ఒక వాగుడుకాయ మాత్రం ఏనాటికైనా హరించివేస్తాడనీ చెప్పిందట. పెద్దవాడయ్యాక బుద్ధి ఉంటే వదరుబోతులకు దూరంగా ఉండుమని హెచ్చరించిందట. దారిలో స్నేహితుడు ఫుస్కుస్ కనిపించాడు. కవి అతణ్ణి గిల్లి, కనుసైగ చేసి, రక్షించుమని వేడుకొన్నాడు. ఫుస్కుస్‌కు సంగతి అర్థమైంది. అయినా అర్థం కానట్టు నటించి, ఆ రోజు యూదుల పర్వదినమనే సాకు చెప్పి, నవ్వుకొంటూ వెళ్ళిపోయాడు. చివరకు ఆ వాగుడుకాయ మీద వ్యాజ్యం వేసిన వాది ఎదురై, అతణ్ణి న్యాయస్థానానికి ఈడ్చుకుపోయాడు. కవి బతికి బయటపడ్డాడు.

ఆ జోస్యంలో హోరేస్ రెండు విశేషణాలు వాడాడు. చంపబోయేవాడు ‘గర్రులుస్’, దూరంగా ఉంచవలసినవారు ‘లొక్వాకేస్’. ఈ రెండవది ‘లొక్వాక్స్’ అనే మాటకు బహువచన రూపం. మాటకారులను గురించి లాటిన్ భాష ఏర్పరచుకొన్న మాటలలో ఎక్కువ ప్రచారం పొందినది ఇదే. దీని వ్యాకరణం చిన్నదే అయినా, దాని వెనుక ఉన్న చరిత్ర చిన్నది కాదు.

‘ఆక్స్’ అనే తోక

‘లొక్వీ’ అంటే మాట్లాడడం. ఈ క్రియకు ఒక వింత ఉంది. దీని రూపాలు చాలవరకు కర్మణి ప్రయోగంలో ఉంటాయి గాని అర్థం మాత్రం కర్తరి. ఇటువంటి క్రియలు లాటిన్‌లో మరికొన్ని ఉన్నాయి. ఈ ధాతువుకు ‘ఆక్స్’ అనే ప్రత్యయం చేరితే ‘లొక్వాక్స్’ అవుతుంది. ఆ పని మీద మోజు గలవాడు, అందులో హద్దు తెలియనివాడు అని ఆ ప్రత్యయానికి అర్థం. తినడం అనే క్రియ నుండి ‘ఎడాక్స్’, తాగడం నుండి ‘బిబాక్స్’, దొంగిలించడం నుండి ‘ఫూరాక్స్’, పోట్లాడడం నుండి ‘పుగ్నాక్స్’ ఇలాగే పుట్టాయి. సమస్తాన్నీ మింగివేసే కాలాన్ని వర్ణిస్తూ ఓవిడ్ వాడిన విశేషణం ఆ ‘ఎడాక్స్’.

తెలుగు ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. తిండిపోతు, తాగుబోతు, నిద్రపోతు, తిరుగుబోతు అన్న మాటలలో ‘పోతు’ చేస్తున్న పని లాటిన్‌లో ‘ఆక్స్’ చేసే పనే. ఆ లెక్కన ‘లొక్వాక్స్’ అంటే అచ్చంగా వదరుబోతు. ఒక్క తేడా ఉంది. తెలుగులో ‘పోతు’ చేరిన ఇటువంటి మాట నిందే అవుతుంది. లాటిన్ ‘ఆక్స్’ ఎప్పుడూ నింద కాదు. పట్టు విడువనివాడు ‘తెనాక్స్’. ఎక్కువ ఇముడ్చుకోగలది ‘కపాక్స్’. ఇవి మెచ్చుకోలుకూ పనికివచ్చే మాటలు. ‘లొక్వాక్స్’ కూడ ఒక్కొక్కప్పుడు నింద విడిచి ముద్దుగా వినిపిస్తుంది. బండూసియా అనే ఊటను కీర్తించిన గీతంలో హోరేస్ రాళ్ళ మీదుగా దుమికే నీటికి ఈ విశేషణమే వాడాడు. వీథిలో ప్రాణం తీసినవాడికీ, కొండ ఊటకూ ఒకే కవి ఒకే మాట పెట్టాడన్నమాట.

ఒకే రూపం, మూడు లింగాలు

లాటిన్ విశేషణాలు నామవాచకాన్ని అనుసరించి లింగం, వచనం, విభక్తి మార్చుకొంటాయి. సంస్కృతంలోనూ ఈ నియమమే ఉన్నది. ‘గర్రులుస్’ ఈ నియమాన్ని బుద్ధిగా పాటిస్తుంది. పురుషుడైతే ‘గర్రులుస్’, స్త్రీ అయితే ‘గర్రుల’, నపుంసకమైతే ‘గర్రులుమ్’. హోరేస్ వెంటపడినవాడు మగవాడు కనుక మొదటి రూపం. వానకోయిల వంటి ‘హిరుండో’ పక్షి లాటిన్‌లో స్త్రీలింగం కనుక వర్జిల్ దానికి రెండవ రూపం వాడాడు. పక్షులకు ఈ మాట ఎంత నప్పిందంటే, 1758లో లినేయస్ ఐరోపా పాలపిట్టకు పెట్టిన శాస్త్రీయ నామం ‘కొరాసియస్ గర్రులుస్’. తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన పాలపిట్ట దానికి దగ్గరి చుట్టమే.

‘లొక్వాక్స్’ తీరు వేరు. ప్రథమా విభక్తి ఏకవచనంలో దీనికి లింగభేదం లేదు. పురుషుడూ, స్త్రీ, నపుంసకమూ అంతా ‘లొక్వాక్స్’. వ్యాకర్తలు ఇటువంటి వాటిని మూడవ వర్గంలో చేర్చి, ఏకరూప విశేషణాలు అన్నారు. తెలుగు వదరుబోతుది కూడ ఇదే స్వభావం. ‘పోతు’ అన్న మాటకు మగ జంతువు అనే అర్థం ఉన్నా, తిండిపోతు, వదరుబోతు అన్నవి ఆడవారికీ మగవారికీ మార్పు లేకుండా చెల్లుతాయి.

ఈ మాట చివర వినిపించే ‘క్స్’ నిజానికి రెండు ముక్కలు. ‘లొక్వాక్’ అనే అంగానికి ప్రథమా విభక్తి గుర్తు అయిన ‘స్’ చేరింది. ఇతర విభక్తులలో ఆ ‘స్’ తొలగి, దాగి ఉన్న ‘క’కారం బయటపడుతుంది. షష్ఠి ‘లొక్వాకిస్’, చతుర్థి ‘లొక్వాకీ’, ద్వితీయ ‘లొక్వాకెమ్’. ద్వితీయలో నపుంసకం మాత్రం తిరిగి ‘లొక్వాక్స్’ అనే ఉంటుంది. సంస్కృతంలోని తృతీయ, పంచమి, సప్తమి విభక్తుల పనిని చాలవరకు ఒంటిచేతితో చేసే లాటిన్ విభక్తి ఒకటి ఉంది. అందులోనూ సాధారణంగా ‘లొక్వాకీ’ అనే అంటారు. బహువచనంలో పుంలింగ స్త్రీలింగాలకు ‘లొక్వాకేస్’, నపుంసకానికి ‘లొక్వాకియ’, షష్ఠికి ‘లొక్వాకియుమ్’, చతుర్థీ తృతీయలకు ‘లొక్వాకిబుస్’. వర్జిల్ తన వ్యవసాయ కావ్యంలో ఒక పాము చేపలతోనూ, వదరుబోతు కప్పలతోనూ కడుపు నింపుకొన్న సంగతి చెప్పాడు. ఆ కప్పలకు వాడిన రూపం ‘లొక్వాకిబుస్’. వానాకాలపు రాత్రి చెరువుగట్టున పడుకొన్నవారికి ఆ విశేషణం ఎంత సముచితమో వేరే చెప్పనక్కరలేదు.

పోలిక చెప్పవలసి వస్తే ‘లొక్వాకియొర్’, అంటే ఎక్కువ వాగేవాడు లేక వాగేది. ఇందులోనూ పుంలింగ స్త్రీలింగాలు ఒకటే. నపుంసకం మాత్రం ‘లొక్వాకియుస్’. అందరినీ మించినవాడు ‘లొక్వాకిస్సిముస్’. విచిత్రమేమిటంటే, ఆ అత్యున్నత స్థాయికి చేరాకగాని ఈ మాటలో స్త్రీ పురుష భేదం పైకి రాదు. అక్కడ ఆమె ‘లొక్వాకిస్సిమ’.

వాగ్మి, వాచాలుడు

ఈ ‘క్స్’ను చూసినప్పుడు సంస్కృతం గుర్తుకు రావడం సహజం. లాటిన్‌లో గొంతును ‘వోక్స్’ అంటారు. దానికి షష్ఠి ‘వోకిస్’. సంస్కృతంలో ‘వాచ్’ అనే శబ్దం ప్రథమలో ‘వాక్’ అవుతుంది. ఈ రెండూ ఒకే మూలం నుండి వచ్చిన తోబుట్టువులు. లాటిన్ తన ‘స్’ను నిలుపుకొన్నది, సంస్కృతం వదులుకొన్నది. 1786 ఫిబ్రవరిలో కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో సర్ విలియమ్ జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలకు ఉమ్మడి మూలం ఉండి తీరాలని ప్రకటించినప్పుడు ఆయన దృష్టిలో ఉన్నవి ఇటువంటి ధాతువుల, వ్యాకరణ రూపాల పోలికలే.

ఆ ‘వాక్’ నుండి పాణిని వెంట వెంటనే రెండు సూత్రాలలో రెండు రకాల మనుషులను పుట్టించాడు. అష్టాధ్యాయి అయిదవ అధ్యాయం రెండవ పాదంలో 124వ సూత్రం ‘వాగ్మి’ అనే మాటను సాధిస్తుంది. ఆ వెంటనే వచ్చే 125వ సూత్రం ఎక్కువ మాట్లాడేవాడు అనే అర్థంలో ‘వాచాల’, ‘వాచాట’ శబ్దాలను సాధిస్తుంది. తరువాతి వ్యాఖ్యాతలకు ఇది చాలలేదు. ఎక్కువ మాట్లాడడం ఒక్కటే వాచాలత కాదనీ, నింద తోచినప్పుడే ఆ రూపం రావాలనీ వారు చేర్చారు. ఎంత ఎక్కువ మాట్లాడినా, చక్కగా మాట్లాడేవాడు వాగ్మి అన్న పేరుకే అర్హుడు.

రోమనులు కూడ ఇదే గీత గీశారు. మంచి వక్తను ‘ఫాకుందుస్’, ‘ఎలొక్వెన్స్’ అన్నారు. చిన్న ప్లినీ తన లేఖలలో ఒకచోట, వక్తృత్వం వేరు, వట్టి మాటల ధార వేరు అని చెప్పిన ఒక పెద్దమనిషిని మెచ్చుకొన్నాడు. గెల్లియుస్ అనే రచయిత వట్టి మాటల మనుషుల మీద ఒక అధ్యాయమే రాసి, అటువంటివారికి ప్రాచీనులు పెట్టిన మరి మూడు పేర్లను కూడ భద్రపరిచాడు. ఇంతవరకు చిక్కు లేదు. అయితే ఒక ప్రశ్న మిగులుతుంది. ఈ మనిషి వాగ్మి, ఆ మనిషి వాచాలుడు అని తీర్పు చెప్పేది ఎవరు?

ఎవరికి పెట్టిన పేరు?

గెల్లియుస్ ఎత్తిచూపిన ఉదాహరణలలో ఒకటి చరిత్రకారుడు సల్లుస్ట్ రచన లోనిది. పలికానుస్ అనే నాయకుణ్ణి గురించి సల్లుస్ట్, అతడు ‘ఫాకుందుస్’ అనడం కన్న ‘లొక్వాక్స్’ అనడం తగును అన్న అర్థంలో రాశాడు. ఆ పలికానుస్ పికేనుమ్ ప్రాంతం నుండి వచ్చిన సామాన్య కుటుంబీకుడు. క్రీస్తు పూర్వం 71లో ప్రజల పక్షాన ఎన్నికైన ట్రిబ్యూన్. నియంత సుల్లా ట్రిబ్యూన్ల అధికారాలను కత్తిరించివేస్తే, వాటిని తిరిగి ఇవ్వాలని ప్రజల ఎదుట ఎలుగెత్తినవాడు. మరుసటి సంవత్సరమే ఆ అధికారాలు తిరిగి వచ్చాయి. అతడు చక్కగా మాట్లాడాడో, వాగాడో నేడు తేల్చడం సాధ్యం కాదు. అతని ఉపన్యాసాలు మిగలలేదు. ఆ విశేషణం మిగిలింది.

స్త్రీల సంగతి మరీ స్పష్టం. క్రీస్తు పూర్వం 184లో మరణించిన హాస్యనాటక కర్త ప్లౌటుస్ రాసిన ‘ఆవులులారియా’లో ఎవునోమియా అనే స్త్రీ తన సోదరునికి పెళ్ళి చేసుకొమ్మని హితవు చెప్పడానికి వస్తుంది. అసలు సంగతి ఎత్తకముందే, ఆడవారమంతా ‘లొక్వాకేస్’ అని పేరు పడ్డామనీ, అది న్యాయమేననీ ఒప్పుకొంటుంది. ఆమె చెప్పబోయేది సోదరుని మేలు కోరి చెప్పే మాట. అయినా క్షమాపణతో ఆరంభించవలసి వచ్చింది. ఆ మాటలు రాసినవాడు పురుషుడు. ఆనాటి ఆ హాస్యనాటకాలలో స్త్రీ పాత్రలను ధరించినవారూ పురుషులే. కనుక ఆ ఒప్పుకోలు ఒక స్త్రీ నోట వెలువడినది కాదు.

నిజంగా నోరు విప్పిన స్త్రీలకు ఏమైందో వలేరియుస్ మాక్సిముస్ గ్రంథం చెబుతుంది. అఫ్రానియా అనే సెనేటరు భార్య తన వ్యాజ్యాలను తానే వాదించుకొనేది. ఆమె వాదనను ఆయన కుక్క మొరుగులతో పోల్చాడు. సిగ్గులేని స్త్రీని తిట్టడానికి ఆమె పేరే తిట్టుగా మారిందని చెప్పాడు. ఆమె క్రీస్తు పూర్వం 48లో మరణించింది. స్త్రీలు ఇతరుల తరఫున వాదించరాదన్న నిషేధానికి ఈమె ప్రవర్తనే కారణమని తరువాతి న్యాయవేత్త ఉల్పియన్ వివరించాడు. అదే పుటలలో హొర్తెన్సియా కథ కూడ ఉంది. క్రీస్తు పూర్వం 42లో ముగ్గురు పాలకులు 1400 మంది సంపన్న స్త్రీల మీద యుద్ధపన్ను మోపారు. ఆమె వారి ఎదుట నిలిచి వాదించింది. మరునాడు ఆ సంఖ్య 400కు తగ్గిందని చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. వలేరియుస్ ఆమెను పొగిడాడు. కాని ఆ పొగడ్త, మహావక్త అయిన ఆమె తండ్రి కుమార్తె రూపంలో మళ్ళీ బతికి వచ్చాడని.

ఇంతకన్న దారుణమైన కథ ఓవిడ్ తన పండుగల కావ్యంలో చెప్పాడు. దేవరాజు యూపిటర్ యుతుర్నా అనే జలకన్యను మోహించాడు. ఆమె పారిపోకుండా అడ్డుకొనుమని తక్కిన జలకన్యలను ఆదేశించాడు. వారిలో లారా అనే ఆమె యుతుర్నాకు ముందే హెచ్చరిక చేసింది. యూపిటర్ భార్యకూ సంగతి చెప్పింది. కోపించిన దేవరాజు లారా నాలుకను పెరికివేశాడు. ఆమెను పాతాళానికి తీసుకుపోతున్న మెర్కురీ దారిలో ఆమెను బలాత్కరించాడు. ఆమెకు పుట్టిన కవలలే రోమనుల ఇళ్ళనూ కూడళ్ళనూ కాపాడే ‘లారేస్’ దేవతలు. పూర్వం ఆమె పేరులో మొదటి అక్షరాన్నే రెండుసార్లు పలికేవారనీ, ఆమె దోషాన్ని బట్టి వచ్చిన పేరనీ ఓవిడ్ అంటాడు. అంటే ‘లాలా’. గ్రీకులో ‘లలేయిన్’ అంటే కబుర్లాడడం. ఆపదలో ఉన్న తోటి స్త్రీకి ఒక నిజం చెప్పడమే ఆమె చేసిన వాగుడు.

వ్యాకరణం స్త్రీకీ పురుషునికీ ఒకే ‘లొక్వాక్స్’ ఇచ్చింది. దాన్ని పంచిపెట్టిన మనుషులు మాత్రం అంత నిష్పక్షపాతంగా పంచలేదు.

తమకు తామే పెట్టుకొన్న పేరు

ఈ విశేషణాన్ని హుందాగా తనకు తానే అంటించుకొన్న వృద్ధుడు ఒకడు కనిపిస్తాడు. క్రీస్తు పూర్వం 44లో, 62 ఏళ్ళ వయసులో సిసెరో వార్ధక్యం మీద ఒక సంవాదం రాశాడు. అందులో 84 ఏళ్ళ కేటో వ్యవసాయం ఇచ్చే ఆనందాన్ని గురించి మైమరచి చాలాసేపు చెబుతాడు. ఉన్నట్టుండి తెలివి తెచ్చుకొని, ముసలితనం స్వభావం చేతనే ‘లొక్వాకియొర్’ అని ఒప్పుకొని మన్నింపు కోరుతాడు. ఈ పోలిక రూపం ఇక్కడ మరొకరితో పోల్చడానికి రాలేదు. ఉండవలసినదాని కన్న కాస్త ఎక్కువ అని దాని అర్థం. నింద అంతా కరిగి, ఒక చిరునవ్వు మిగిలింది.

ఆ చిరునవ్వు రాసిన చేయి ఎంతోకాలం నిలువలేదు. అదే సంవత్సరం సిసెరో ఆంటొనీకి వ్యతిరేకంగా ఉపన్యాసాల పరంపర ఆరంభించాడు. క్రీస్తు పూర్వం 43 డిసెంబరు 7న ఆంటొనీ మనుషులు ఆయనను చంపారు. ఆ తలను ఆయన ఎన్నోసార్లు మాట్లాడిన వేదిక మీదనే ప్రదర్శనకు పెట్టారు. అంతకుముందు ఆంటొనీ భార్య ఫుల్వియా ఆ నాలుకను బయటకు లాగి జడసూదులతో పొడిచిందని కాస్సియుస్ దియో చరిత్రలో ఉంది. రోములోని ఉత్తమ వాగ్మి అని అందరూ ఒప్పుకొన్న మనిషి నాలుకకూ, లారా నాలుకకూ చివరకు పట్టిన గతి ఒకటే.

తిట్టును బిరుదుగా మార్చుకొన్నవారూ ఉన్నారు. 1709లో లండన్‌లో రిచర్డ్ స్టీల్ ఆరంభించిన పత్రిక పేరు ‘టాట్లర్’. దానికీ వాగుడుకాయ అనే అర్థం. రెండు శతాబ్దుల తరువాత, 20వ శతాబ్ది రెండవ దశకంలో, అనంతపురం నుండి సమాజంలోని అలవాట్లను పరిహసిస్తూ కొన్ని తెలుగు వ్యాసాలు వెలువడ్డాయి. వాటికి పెట్టిన పేరు ‘వదరుబోతు’. ఎదుటివారు అనబోయే మాటను వారే ముందుగా అనేసుకొన్నారు. ఆ మీదట తాము చెప్పదలచినదంతా చెప్పారు.

లాటిన్ వ్యాకరణంలో ఇందుకు తగిన వీలు కూడ ఉంది. ‘లొక్వాక్స్’కు సంబోధన రూపం వేరే లేదు, అక్కడా ప్రథమా రూపమే నిలుస్తుంది. ఇంకొకరిని వేలెత్తి పిలిచినా, తనను తాను చెప్పుకొన్నా, మాట ఒక్కటే.